పదిహేడో నంబరు పొడి

పెద్దపేగు క్యాన్సర్ కణాలకి బెజవాడ బాగా పడింది. మా సారు వాటిని బొంబాయి నుంచి సీసాలో పోసి, చొక్కా లోపల పొట్టకి ఆనించుకుని రైల్లో తెచ్చారు. సొంత పిల్లల్ని కూడా ఆయన అంత జాగ్రత్తగా ఎత్తుకోలేదని వాళ్ళావిడ అనేవారు. డెబ్బయ్యో దశకం మాట ఇది. పటమటలో అద్దెకి తీసుకున్న మేడ మీది రెండు గదులే మా లాబ్. కరెంటు పోయి, కణాల్ని వెచ్చగా ఉంచే పెట్టె ఆగిపోయినా మే నెలలో మాకు బెంగ ఉండేది కాదు. ఊరంతా ఆ పెట్టే.

నేను నేతవాళ్ళ పిల్లని. చీరల మూటలు మోసిన వంశంలో ఎమ్మెస్సీ చదివిన మొదటిదాన్ని, అందుకు తగ్గ పొగరు. రెండేళ్ళు కష్టపడి నేను తయారుచేసిన పదహారు పొడులూ ఆ కణాల్ని ఏమీ చెయ్యలేకపోయాయి. పదిహేడోది కలపబోయే ముందురోజు, గాజుసామాను కడిగే ఆయమ్మ వచ్చి నిలబడింది.

"ఇది పేగుల్లో పుట్టే క్యాన్సర్‌కేనా అమ్మాయిగారూ? మా ఆయనకి గుంటూరులో అదే అన్నారు. కోసి తియ్యాలంట."

"దానికే ఆయమ్మా. ఈసారి చూడు, తప్పకుండా పనిచేస్తుంది."

పనిచేసింది. పొడి కలిపిన నీళ్ళు వేసిన మూడో రోజు మైక్రోస్కోపులో చూస్తే, సీసా అడుగుకి అతుక్కుని ఉండాల్సిన కణాలన్నీ ఊడిపోయి గుండ్రంగా తేలుతున్నాయి. పొడి వెయ్యనివి నిక్షేపంగా ఉన్నాయి. అదే సీసాలోంచి మళ్ళీ వేశాం, మళ్ళీ చచ్చాయి. సారు మైసూర్‌పాకు తెప్పించారు. ఆయమ్మ చేతిలో ఒక ముక్క పెట్టి, "ఇంకెంత, మందు వచ్చినట్టే" అన్నాను. ఎలకకి కూడా ఎక్కించని పొడి గురించి అన్న మాట అది. నేను నేల మీద నడవడం మానేశాను.

రెండు నెలలకి ఆయమ్మ, మొగుడికి ఒంట్లో బాగాలేదని నాలుగు రోజులు సెలవు పెట్టింది. తిట్టుకుంటూ నేనే ఒక సీసా తోముకుని, అందులో కొత్తగా పొడి కలిపి కణాలకి వేశాను. ఒక్కటీ చావలేదు. పైగా ఒళ్ళు చేశాయి. త్రాసుని అనుమానించాను, సారు కళ్ళద్దాలని కూడా అనుమానించాను. చివరికి, అంతకుముందు పొడి కలిపిన పాత సీసా ఖాళీ చేసి, నీళ్ళు పోసి ఊపాను. మెడదాకా నురగ వచ్చింది.

ఆయమ్మ రాగానే పట్టుకున్నాను. "ఈ సీసా దేంతో కడిగావు?"

"ఈ ఒక్కదాన్నీ కుంకుడు రసంతో అండి. మా ఆయనకిచ్చే మందు పోసేదానికి ఆ యాసిడ్లు, సబ్బుపొడులు ఎందుకని. ప్రార్థన చేసుకుని మరీ కడిగాను. కాస్త రసం మిగిలినా చలవేగా అని ఎక్కువ తొలవలేదు."

నాకు నషాళానికి అంటింది. "నా రెండేళ్ళ చాకిరీ గంగలో కలిపావు కదే! వాటిని చంపింది నా పొడి కాదు, నీ కుంకుడు రసం" అని అరిచాను.

"చచ్చాయిగా అమ్మాయిగారూ. దేంతో చస్తేనేం?"

"అది మంచి కణాన్నీ చంపుతుంది, చెడ్డదాన్నీ చంపుతుంది. మందెలా అవుతుంది?"

"అయితే మందు రాదా?"

"రాదు."

ఆయమ్మ చేతిలో బ్రష్షు కింద పెట్టింది. "మీ మందు వస్తుందని రెండు నెలల్నించీ ఆపరేషను వద్దంటున్నానండీ."

నా కోపం ఏమైపోయిందో తెలియదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. రేపే వెళదాం, నేనూ వస్తాను అన్నాను.

మర్నాడు ఆయమ్మ మొగుడితో కలిసి ముగ్గురం గుంటూరు బస్సెక్కాం. ఆయనకి ఆయమ్మ ఇంకా ఏమీ చెప్పలేదు. నొప్పికి పొట్ట పట్టుకునే, "ఈ అమ్మాయే మందు కనిపెట్టింది" అని పక్క సీటువాళ్ళకి నన్ను చూపించాడు. ఆసుపత్రిలో డాక్టరు ఆయన పొట్ట నొక్కి చూశాడు, పాత చీటీ మీద తేదీ చూశాడు.

"అప్పుడు రమ్మంటే ఇప్పుడా రావడం? ఎవరయ్యా ఆపింది?"

నేను నోరు తెరిచాను. ఈలోగా ఆయమ్మ, "నాదే బద్ధకం అండి" అంది.

తెరిచిన నోరు మూసుకున్నాను.