ఆదిమానవుడి ఎముక మీద ఐదు ప్రశ్నలు

బాబాయి పోయారని ఫోను వచ్చినప్పుడు నేను డెస్కులో రాయ్‌పూర్ రాజధానిగా రాబోతున్న కొత్త రాష్ట్రం వార్త ఒకటి దిద్దుతున్నాను. ఫోను చేసింది వాళ్ళమ్మాయి. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నారు, నాలుగింటికి టీకి లేపితే లేవలేదు అంది. లేపింది ఎవరు, డాక్టరు ఎన్నింటికి వచ్చాడు అని అలవాటు కొద్దీ అడిగాను. అన్నిటికీ జవాబు చెప్పింది. బాబాయి కూతురు కాబట్టి నొచ్చుకోలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. రాయ్‌పూర్‌లో రైల్వే వాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా నాన్న క్వార్టరు పక్కనే వాళ్ళ క్వార్టరు. బాబాయి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, వేగన్లు బాగుచేసే షాపులో ఫిట్టరుగా చేరారు. తర్వాత తనిఖీ పనిలోకి మారి అందులోనే రిటైరయ్యారు. బాగుచేసిన వేగన్ బయటికి వెళ్ళే ముందు చక్రాన్ని సుత్తితో కొట్టి మోత వినేవారు. ఎక్కడైనా పగులుంటే మోత బొంగురుపోతుందట. షాపులో ఒక పద్ధతి ఉండేది. బోల్టు బిగించినవాడు దాన్ని తనే పాస్ చెయ్యకూడదు, ఇంకో మనిషి చూడాలి. బాబాయి ఈ పద్ధతిని ఇంటికి కూడా తెచ్చుకున్నారు. పిన్ని కూర వండితే ఉప్పు సరిపోయిందని ఆవిడ చెప్తే చెల్లదు. గిన్నె గోడ మీదుగా మా అమ్మ దగ్గరికి వచ్చేది.

"వండినోళ్ళ నాలిక సాచ్చికం పనికిరాదు" అనేవారు బాబాయి.

"అయితే తినే నాలిక కూడా పక్కింటికే పంపండి, నాకు వంట తప్పుతాది" అనేది పిన్ని.

సాయంత్రం డ్యూటీ దిగి, స్నానం చేసి, పెరటి గోడకి ఆనుకుని నిలబడేవారు. నేను కాలేజీలో సైన్సు చదువుతున్నానని ప్రశ్నలన్నీ నాకే. మనిషి కోతి నుంచి వచ్చాడంటే మిగిలిన కోతులకి సీటు దొరకలేదా అని మొదలుపెట్టారు ఒకరోజు. కోతి నుంచి కాదు, కోతికీ మనకీ వెనకెప్పుడో మూలం ఒకటే అని చెప్పాను.

"అంటే తాతలు కాదు, పెదనాన్న పిల్లలన్నమాట" అన్నారు. ఆ వెంటనే, "ఎవుడు సూసేడు?" అన్నారు.

ఎముకలు దొరికాయని చెప్పాను. ఎముకని చూసి చుట్టరికం ఎలా కట్టారో చెప్పమన్నారు. నాకు తెలియలేదు. తెలీదు అని ఒప్పుకునేదాకా వదల్లేదు. ఒప్పుకున్నాక మాత్రం సంతోషించి, పిన్నిని కేకేసి నాకు టీ ఇప్పించారు.

చంద్రుడి మీద మనిషి దిగాడని రేడియో చెప్పిన రోజుల్లో కాలనీ అంతా పొంగిపోతుంటే ఆయన ఒక్కరే అనుమానంగా తిరిగారు. దిగలేదని కాదు. "అక్కడ నట్టు లూజైతే ఎవుడు బిగిస్తాడు? ఇక్కడ ఇండెంటు పెడితే బ్రేకు సామాను మూడు నెల్లకొస్తంది. అదీ తప్పు సామాను" అన్నారు. ముందుముందు మంగళ గ్రహం మీద ఊళ్ళే కడతారట అన్నాను. మంగళవారం ప్రయాణమే వద్దనుకుంటామని పిన్ని లోపలి నుంచి అంది. బాబాయి నవ్వలేదు.

"అక్కడ పుట్టినోడు నాలుగు తరాలకి మనలాగే ఉంటాడా? మేం ఒక్క రేత్రి రైల్లో వచ్చేం. అప్పుడే మా పిల్ల నీళ్ళని పానీ అంతంది. ఆడు మనకి సుట్టమవుతాడా, కాడా?"



మరుసటి ఏడు ఒక హిందీ దినపత్రికలో ట్రైనీగా చేరాను. రెండో నెలలో రాయ్‌పూర్ దగ్గరి తిల్దా నుంచి కబురు వచ్చింది. ఒక బియ్యం మిల్లు వెనక గొయ్యి తవ్వుతుంటే ఆదిమానవుడి తొడ ఎముక బయటపడిందని. వెళ్ళాను. మిల్లు యజమాని దాన్ని అద్దాల బీరువాలో ఎర్రగుడ్డ మీద పెట్టాడు. నల్లగా, పొడుగ్గా ఉంది. లక్షల ఏళ్ళ నాటిది, పత్రకార్ సాబ్ అన్నాడు. రాసుకున్నాను. ఆ సాయంత్రం గోడ దగ్గర గొప్పగా చెప్పాను, రేపు మొదటి పేజీలో వస్తుందని.

"తవ్వినోడితో మాటాడేవా?" అన్నారు బాబాయి.

"యజమానే చెప్పాడు."

"యజమాని తవ్వడు కదరా. నల్లగా ఎందుకైంది?"

"లక్షల ఏళ్ళు భూమిలో ఉంది కాబట్టి."

"లచ్చల ఏళ్ళని ఎవుడు కొలిసేడు? పోనీ, నువ్వు సేత్తో ఎత్తేవా? ఎముక బరువా, రాయి బరువా?"

"ఇది మీ వేగన్ కాదు బాబాయీ" అన్నాను.

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్ళారు.

వార్త వచ్చింది. వారం తర్వాత ఎడిటరు పిలిచి ఒక ఉత్తరం నా ముందు పెట్టాడు. చక్కటి హిందీ. సంతకం లేదు. తిట్టు లేదు. ఐదు ప్రశ్నలు మాత్రం ఉన్నాయి. తవ్వింది ఎవరు, ఎంత లోతున దొరికింది, నలుపు ఎందుకు వచ్చింది, వయసు లెక్కకట్టింది ఎవరు, మీ రిపోర్టరు దాన్ని చేత్తో ఎత్తి చూశాడా.

"జవాబులుంటే తీసుకురా. లేకపోతే నువ్వూ రానక్కర్లేదు" అన్నాడు ఎడిటరు.

మర్నాడు పొద్దున్న పాసింజరు బండికి తిల్దా వెళ్ళాను. గొయ్యి తవ్విన కూలీ ఒక ముసలామె. ఛత్తీస్‌గఢీలో చెప్పింది, నవ్వుతూ. మిల్లు బాయిలరు ఊక బూడిద ఏళ్ళ తరబడి అక్కడే పోస్తున్నారు, వేడివేడిగా. దాని కిందే మిల్లు బండి లాగిన దున్నపోతుని పాతారు. ఆ దున్నకి గడ్డి వేసింది తనే. మూరెడు లోతు కూడా తవ్వలేదు. అది దున్న ఎముక బాబూ అని ఆమె అప్పుడే చెప్పిందట, ఎవరూ వినలేదు. యజమాని చేత బీరువా తీయించి ఎముకని మొదటిసారి చేతిలోకి తీసుకున్నాను. తేలిగ్గా ఉంది. అరచేయి నల్లబడింది. పశువుల డాక్టరు చూసి దున్నదే అని కాగితం మీద రాసిచ్చాడు. నా వార్త తప్పని నా పేరుతోనే రాశాను. ఉద్యోగం నిలిచింది.

అప్పటి నుంచి బాబాయిని అనుమానించాను. ఆధారాలు పేర్చుకున్నాను. ఉత్తరం మీద మా కాలనీ పోస్టాఫీసు ముద్ర ఉంది. ఐదింట్లో నాలుగు ప్రశ్నలు గోడ దగ్గర ఆయన నోటి నుంచి వచ్చినవే. ఆయన మాట నేను తీసిపారేశాను కాబట్టి కోపానికి కారణమూ ఉంది. కుదరనివి రెండు. లోతు సంగతి ఆయన ఆ రోజు అడగలేదు. పైగా ఆయనకి హిందీలో సంతకం పెట్టడం కూడా సరిగ్గా రాదు. కాలనీలో హిందీ బాగా రాసేవాళ్ళని ఒక్కొక్కరినే కదిపి చూశాను. ఎవరూ దొరకలేదు.

ఆయనతో రెండేళ్ళు మాట్లాడలేదు. తర్వాత ఒక సాయంత్రం ఏమీ జరగనట్టు, మంగళ గ్రహం మీదికి ఏదో యంత్రం దిగిందట, నిజమేనా అని ఆయనే అడిగారు. జవాబు చెప్పాను. మాటలు మళ్ళీ మొదలయ్యాయి కానీ నా వార్తల సంగతి మాత్రం ఆయన చెవిన వెయ్యలేదు. "ఈరోజు ఏటి రాసేవు?" అనేవారు. "రేపు పేపర్లో చూడండి" అనేవాణ్ణి. ఆయన రిటైరై, కాలనీ బయట చిన్న ఇల్లు కట్టుకున్నాక కూడా అదే మాట, అదే జవాబు. నేను రాసింది ఇంకొకరికి చూపించి, వాళ్ళు ప్రశ్నలు వేశాకే అచ్చుకి పంపే అలవాటు నాకు ఆ ఎముకతోనే వచ్చింది. అది ఆయన పద్ధతి. ఆయనకి మాత్రం ఒక్కటీ చూపించలేదు.

పదకొండో రోజున వెళ్ళాను. భోజనాలయ్యాక పిన్ని వరండాలో ఒంటరిగా కూర్చుంది. అడిగేశాను.

"పిన్నీ, ఆ ఎముక ఉత్తరం బాబాయి ఎవరిచేత రాయించారు?"

"ఎవరో ఎందుకు, నేనే రాసేను. ఆయన తెలుగులో సెప్పేరు, నేను హిందీలో పెట్టేను. పెళ్ళికి ముందు హిందీ పరీచ్చలన్నీ పాసయ్యేను కదా. లోతు సంగతి ఆయనకి తట్టలేదు, అది నేను కలిపేను."

ఆ ఉత్తరం ఎడిటరూ నేనూ తప్ప ఎవరూ చూడలేదు. లోతు ప్రశ్న ఉందని రాసినవాళ్ళకే తెలుస్తుంది. నమ్మాను. పాతికేళ్ళకి పైగా గిన్నె అందించిన చేతిని నేను ఒక్కసారీ లెక్కలోకి తీసుకోలేదు.

"పేరు ఎందుకు పెట్టలేదు?"

"పెడితే మీ ఎడిటరు పక్కింటోళ్ళ తగువనుకుంటాడు. పేరు సూస్తాడు గానీ ప్రశ్న సూడడు అన్నారు."

"నాతోనైనా చెప్పొచ్చు కదా."

"నువ్వడుగుతావని సూసేరు బాబూ. అడగడమే ఆడి పని, ఎన్నాళ్ళు అడక్కుండా ఉంటాడే అనేవోరు. మొదట్లో రోజూ అనేవోరు. తరవాత ఎప్పుడో ఓసారి. ఈమద్ది అనడం మానేసేరు."

మంత్రుల్ని, కలెక్టర్లని, హత్య చేసినవాళ్ళని అడిగాను. అడగడం నాకు ఎప్పుడూ కష్టం కాలేదు. ఆయన్ని అడగకపోవడానికి కారణం ఏమిటో పిన్ని నన్ను అడగలేదు. అడిగితే, జవాబు వస్తుందని భయపడ్డాను అని చెప్పేవాణ్ణి.

లేచి చెప్పులు వేసుకున్నాను. పిన్ని గేటు దాకా వచ్చింది. రోడ్డు మీదికి వచ్చి స్కూటరు స్టార్టు చేసి వెనక్కి చూస్తే, ఆవిడ గేటు మూయలేదు. గడియ మీద చెయ్యి వేసి, నేను ఇంకేమైనా అడుగుతానేమోనని నిలబడి ఉంది.