నలభై రోజుల మాజూన్

బజారులో దొరికే కుట్టిన చొక్కాల మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. ఒంటికి సరిపోయేది తెస్తే మెడ దగ్గర గుండీ పడదు. మెడకు సరిపోయేది తెస్తే లోపల ఇంకొకరికి జాగా ఉంటుంది. మొన్న దుకాణపాయన టేపు చూసి, నన్ను చూసి, "సార్ చిన్నప్పుడు బరువులు మోసిండ్రా?" అని మర్యాదగానే అడిగాడు. లేదు, మెట్రిక్ చదివానని చెప్పాను. ఆయన నవ్వాడు. నేను ఉన్నమాటే చెప్పాను.

మాది భువనగిరి. యాభైల చివర నేను మెట్రిక్ లెక్కల్లో తప్పాను. తప్పడం మా వాడకట్టులో అంత పెద్ద సంగతేమీ కాదు. ఏటా నలుగురైదుగురు తప్పేవారు, వాళ్లకు పెళ్లిళ్లు కూడా అయ్యేవి. కాని బాపు ఒక షరతు పెట్టాడు. సెప్టెంబర్ పరీక్షలో పాసైతే హైదరాబాదులో కాలేజీ. మళ్లీ తప్పితే తిరుమలగిరిలో మేనమామ పల్లీల దుకాణం. మామ మంచివాడే. పొద్దంతా మాట్లాడేవాడు, పల్లీల గురించి.

నేను ఎందుకు తప్పానో బాపు వారం రోజులు ఆలోచించాడు. చదవలేదేమోనన్న అనుమానం ఆయనకు రాలేదు, రాకుండా నేనూ కొంత సాయపడ్డాను. చివరికి "పోరడు కమ్‌జోర్ అయిండు" అని తేల్చాడు. "పెయిల సత్తువ లేకుంటే తలల లెక్కలు ఎట్ల నిలుస్తయి?" మా అవ్వ, అంటే బాపు తల్లి, వెంటనే ఒప్పుకుంది. మనవడికి తిండి పెంచే తీర్పు ఏదైనా ఆవిడ ఒప్పుకునేది.

మరునాడు పొద్దున్నే బాపు నన్ను కోట కింది తాలీంకు తీసుకుపోయాడు. కుస్తీ నేర్పే ఉస్తాద్ అరవై ఏళ్ల మనిషి. పట్లలో నలిగి నలిగి చెవులు రెండూ ముద్దకట్టాయి. బెండకాయ లేతదా ముదురుదా అని చూసినట్టు నా జబ్బ నొక్కాడు.

"హడ్డీ ఉన్నది పటేలా. మిగిలింది మనం పెడదాం."

పొద్దున దండీలు, బైఠక్‌లు, పారతో ఎర్రమట్టి తవ్వడం. తర్వాత నూనె మర్దన. తర్వాత నానబెట్టిన బాదంపప్పులు పొట్టు తీసి, సానమీద అరగదీసి, పాలల్లో కలిపి తాగడం. ఐదుతో మొదలుపెట్టి రోజుకొకటి పెంచాలి. అన్నీ చెప్పి ఉస్తాద్ అసలు మాట చెప్పాడు: "కసరత్ చేసినంక ఆరాం కావాలె. ఆరాం లేకుంటే బాదం పెయికి పట్టది." పెద్దల హితవులు నేను చాలా విన్నాను. ఇంతగా నచ్చింది ఇంకోటి లేదు.

"మరి తలకు?" అని అడిగాడు బాపు.

తలకు మాజూన్ అని ఒక లేహ్యం ఉంది, హకీం దుకాణంలో దొరుకుతుందన్నాడు ఉస్తాద్. నల్లగా, జిగటగా, పింగాణీ జాడీలో ఉంటుంది. అఖ్రోట్, తేనె, ఇంకా హకీం చెప్పనివి కొన్ని వేస్తారు. పరగడుపున ఉసిరికాయంత, నలభై రోజులు. పులుపు ముట్టొద్దు.

ఇంటికి వచ్చే తోవ పొడుగునా బాపు ఉస్తాద్ మాటే నెమరేసుకున్నాడు. ఆయన వ్యవసాయదారుడు. ఆలోచన మెల్లగా మొదలయ్యేది, ఒకసారి నాటుకుంటే మళ్లీ పీకడం ఎవరి తరమూ కాదు. వాకిట్లోకి వచ్చాక ఆగాడు.

"బాదం పెయికి పట్టాలంటే పెయికి ఆరాం ఉండాలె. మాజూన్ తలకు పట్టాలంటే?"

"తలకు ఆరాం ఉండాలె బాపూ," అన్నాను. లెక్కల్లో నేను అంత వేగంగా జవాబు చెప్పింది అదొక్కసారే.

ఆ సాయంత్రమే నా పుస్తకాలు ఖాళీ జొన్నల గుమ్మిలోకి పోయాయి. అమ్మకు మాత్రం మింగుడుపడలేదు.

"సదవకుంటె ఎట్ల పాసైతడు?"

"లోపల మందు పనిచేస్తాంది. నడుమ నువ్వు గెలుకకు."

"పనిచేసేది మందేనాయె. గీడు పండుకుంటాండు."

నాతోపాటు తప్పిన దోస్తులు జామెట్రీ పుస్తకం పట్టుకుని వస్తే అవ్వ గడపలోనే ఆపేది. "మావోడు మాజూన్ల ఉన్నడు బిడ్డా. పుస్తకం అవతల పెట్టి రాండ్రి." పులిసిందేమో చూస్తానని అవ్వ రోజూ జాడీలో వేలు పెట్టేది. మూడోవారానికి తన పెండ్లిలో ఎవరు ఎందుకు అలిగి పోయారో పేర్లతో సహా చెప్పింది. దాంతో మందు గుణం మీద ఇంట్లో ఎవరికీ అనుమానం లేకుండా పోయింది.

నాకు మాత్రం ఏకాగ్రత కుదిరింది, చింతపండు పులుసు మీద. వంటింట్లో తిరగమోత చప్పుడు వినబడితే చాలు, మనసు ఇంకెక్కడికీ పోయేది కాదు.

ఇరవై ఐదో రోజు, బాదంపప్పులు అరగదీస్తూ, ఊరికే ఒక సూత్రం గుర్తు చేసుకుందామనుకున్నాను. రాలేదు. ఇంకోటి ప్రయత్నించాను. పల్లీల దుకాణం కళ్లముందుకు వచ్చింది. మెల్లగా అమ్మ దగ్గరికి పోయి, "అమ్మా, గా ఆల్జీబ్రా ఒక్కటి తీసియ్యవా," అన్నాను. బాపు విననే విన్నాడు.

"ఇంక పదిహేను దినాలు ఓపిక పట్టలేవారా? ఇన్నొద్దుల పథ్యం గంగల కలుపుతవా?"

నాకు తోడుగా ఆయన కూడా అన్ని రోజులూ పులుసు మానేసి, మజ్జిగైనా లేకుండా ఉత్త పప్పుతో తింటున్నాడు. వెనక్కి వచ్చి బాదం అరగదీశాను.

నలభై రోజులు నిండిన మూడో నాడు పరీక్ష. తల చాలా తేటగా ఉంది. ప్రశ్నపత్రం చదివాక కూడా అలాగే ఉంది. దూలం మీది పిచ్చుక మూడు గంటల్లో పదకొండుసార్లు గడ్డిపోచ తేవడం ఒక్కటీ తప్పిపోకుండా చూశాను. హాల్ టికెట్ నంబరు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను.

ఫలితాల పేపరు హైదరాబాదు నుంచి రైల్లో వచ్చింది. బాపు స్టేషన్‌లోనే నిలబడి నంబర్ల మీద వేలు పెట్టి రెండుసార్లు చూశాడు. కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశాడు. తిరుమలగిరి మాట ఇద్దరం ఎత్తలేదు. ఇంటికి పోకుండా నన్ను తీసుకుని నేరుగా తాలీంకు నడిచాడు.

ఉస్తాద్ గుంటలో మట్టి తిరగేస్తున్నాడు.

"ఉస్తాద్, నీ మాట ఒక్కటి జవదాటలె," అన్నాడు బాపు. "నలభై దినాలు పులుపు ముట్టలె. తలకు ఆరాం ఉండాలెనని ఒక్క పుస్తకం ముట్టనియ్యలె. అయినా తప్పిండు."

ఉస్తాద్ పార పక్కన పెట్టి, చేతుల మట్టి దులుపుకుని, బాపును చూశాడు.

"పహిల్వాన్ ఆరాం చేసేది కసరత్ చేసినంక, పటేలా. మీవోని తల ఏం చేసి అలిసిందని పండుకోబెట్టినవ్?"