సుబ్బారావు సార్ ఇల్లు ఖాళీ చేసిన కారణం

పొద్దున్నే ఫోను టింగుమంది. గడువు తీరిన నా డిపాజిట్‌ను బ్యాంకువారు తమంతట తామే మళ్ళీ వేశారట, వడ్డీ మాత్రం కాస్త తగ్గిందట, నాకు సేవ చేయడం వారికి ఆనందంగా ఉందట. ఇంత తియ్యగా మాట్లాడేవాళ్ళంటే నాకు అనుమానం. ఇది వంశపారంపర్యంగా వచ్చిన గుణం కాదు. మా నాన్న రైతు, వానను కూడా నమ్మేవాడు. అనుమానపడటం నాకు నేర్పింది సుబ్బారావు సార్.

సార్‌ది గుడివాడ వైపు. ఒక ప్రైవేటు కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి, పింఛను లేకుండా రిటైరై, తార్నాకలో అద్దెకుండేవారు. చేతికొచ్చిన డబ్బంతా బ్యాంకులో వేసి, ఆ వడ్డీతోనే అద్దె, బియ్యం, భార్య కామేశ్వరమ్మగారి బీపీ మాత్రలు నడిపేవారు. నేను క్యాంపస్‌లో ఎం.ఏ. చదువుతూ సాయంత్రాలు వాళ్ళింటికి పాఠానికి వెళ్ళేవాణ్ణి. తెలంగాణ ఉద్యమం రోజులు. పకోడీల పళ్ళెం మధ్యలో పెట్టుకుని రాష్ట్ర విభజన మీద తగాదా పడేవాళ్ళం. పకోడీల విభజనలో మాత్రం ఏ వివాదమూ రాలేదు.

ఆ ఏడాదే వడ్డీలు తగ్గాయి. "మంచిదే గద సార్? వడ్డీ తగ్గితే అప్పులు తీస్కుంటరు, ఫ్యాక్టరీలు పెడ్తరు, దేశం లేస్తదని మీరే చెప్పిన్రు" అన్నాను.

"చెప్పానోయ్. ముప్పై ఏళ్ళు చెప్పాను. దేశం ఎవరి భుజం పట్టుకుని లేస్తుందో సిలబస్‌లో లేదు."

డిపాజిట్ గడువు తీరిన రోజు నన్నూ వెంట తీసుకెళ్ళారు. మేనేజరు కూర్చోబెట్టి టీ తెప్పించాడు. "తాగకు, ఏదో అంటగడతాడు" అన్నారు సార్ నా చెవిలో. అంటగట్టబోయాడు కూడా. ఇన్సూరెన్సు కలిసిన ఏదో పథకం, రాబడి ఎక్కువట. "అంత మంచిదైతే తమరెంత వేశారండీ?" అని సార్ అడిగారు. మేనేజరు తన టీ తాగాడు. సార్ పాత డిపాజిట్‌నే కొత్త వడ్డీకి మళ్ళీ వేసి, మెట్లు దిగుతూ "అద్దెకు చాలదోయ్" అన్నారు.

మేం బయటికి రావడం హాస్టల్లో నా పక్కగదిలో ఉండే యాదగిరి చూశాడు. సాయంత్రానికల్లా హాస్టలంతా ఒకటే మాట: "మీ సారు పైసలన్నీ తీస్కొని విజయవాడ పోతుండంట గదా? గింత భయమేంది?" ఇంటి ఓనరు నర్సింహారెడ్డి వచ్చి సార్ చేతులు పట్టుకున్నాడు. "మేం లేమా సార్? మిమ్మల్ని ఎవడేమంటడు?" గుడివాడ నుంచి బావమరిది ఫోను చేశాడు. "పరిస్థితి బాలేదు బావా, వచ్చేయండి." సార్ అందరి మాటా విన్నారు, ఎవరినీ కాదనలేదు.

"నిజం చెబితే ఓనరు అద్దె తగ్గిస్తాడేమోనండీ" అన్నారు కామేశ్వరమ్మగారు, అట్టపెట్టెలో గిన్నెలు సర్దుతూ.

"తగ్గిస్తాడు. అందుకే చెప్పను. ఉద్యమం వల్ల వెళ్ళామంటే చరిత్ర. అద్దె కట్టలేక వెళ్ళామంటే జాలి."

ట్రాలీ ఆటో వచ్చిన రోజు యాదగిరి ఇద్దరు స్నేహితులతో గేటు తోసుకుని లోపలికొచ్చాడు. గొడవకే వచ్చారనుకుని నేను అడ్డం వెళ్ళాను. వాళ్ళు వచ్చి బీరువా పట్టారు. దాన్ని ఆటోలోకి ఎక్కించాక యాదగిరి చెమట తుడుచుకుంటూ, "ఉండరాదు సార్. మా కొట్లాట మీతోని కాదు" అన్నాడు. ఆ గొంతులో వాడు ఎన్నడూ చేయని తప్పుకు క్షమాపణ పలికింది.

సార్ చివరికి చరిత్రను వదులుకున్నారు. "మీ వల్ల కాదయ్యా. వడ్డీ తగ్గింది, ఈ అద్దె కట్టలేను. ఇక్కడే, సీతాఫల్‌మండిలో చిన్న ఇల్లు చూసుకున్నాం."

"సీతాఫల్‌మండా? గంతేనా?"

"అంతే. అది తెలంగాణలోనే ఉంటుందిగా, రాష్ట్రం వచ్చాక కూడా?"

మెట్ల మీద నిలబడ్డ నర్సింహారెడ్డికి కోపమొచ్చింది. "నాకొక్క మాట చెప్పరాదా సార్? అద్దెదేమున్నది, తగ్గిస్తుంటి!" సార్ నా వైపు చూసి, "విన్నావా, అందుకే" అని ఆటో ఎక్కి డ్రైవరు పక్కన కూర్చున్నారు.

తార్నాకలో ఇప్పటికీ కొందరు, ఉద్యమానికి భయపడి పారిపోయిన ఆంధ్రా సార్ కథ చెబుతారు. నేను ఖండించి ఖండించి అలసిపోయాను. కానీ ఎవరైనా ఇల్లు మారుతూ వాస్తు అనో, గాలి మార్పు అనో, పిల్లల చదువు అనో గంభీరమైన కారణం చెబితే, అద్దె ఎంత పెంచారని అడగకుండా ఉండలేను. చాలామంది ముఖం మాడ్చుకుంటారు. కొందరు మాత్రం ఒకసారి చుట్టూ చూసి, గొంతు తగ్గించి, ఎంత పెంచారో చెబుతారు.