జన్మస్థలం అనే గడి

మొన్న భవానీపూర్‌లో జిరాక్స్ దుకాణం ముందు నిలబడ్డాను. యంత్రంలోంచి వచ్చిన కాగితం చేతికి వెచ్చగా తగిలింది. ఆ వేడి కాగితం వాసనకు సింహాచలం మాస్టారు గుర్తొచ్చారు. చంకలో దరఖాస్తుల కట్ట, చెమటకు తడిసిన చొక్కా.

ఖిదిర్‌పూర్‌లో తెలుగు, బెంగాలీ పిల్లలు కలిసి చదివే బడికి ఆయన హెడ్మాస్టరు. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చారు. బెంగాల్లో కమ్యూనిస్టుల ఎర్రజెండాల ప్రభుత్వం వచ్చి పదేళ్లు దాటిన రోజులవి. నేను లెక్కల టీచరుగా చేరి ఏడాది కూడా కాలేదు. పదో తరగతిలో షెఫాలి అనే అమ్మాయి ఉండేది. నేను బోర్డు మీద లెక్క సగం రాయగానే జవాబు చెప్పేసేది. పసితనంలోనే తల్లితో సరిహద్దు దాటి వచ్చింది.

ఆ ఏడు పరీక్ష దరఖాస్తుల్లో కొత్తగా జన్మస్థలం అడిగారు. అవతల పుట్టి, కాగితాలు లేనివాళ్లను పరీక్షకు కూర్చోనివ్వవద్దని పైనుంచి ఉత్తర్వు. మాస్టారు నన్ను పిలిచి, "షెఫాలి ఫారం ఆపమ్మా. ఇక్కడే ఉంటున్నట్టు వార్డు ఆఫీసు కాయితం నేను తెస్తాను, అప్పుడు నింపుదుం" అన్నారు.

గడువు ఇంకా నాలుగు రోజులుంది. అయినా గుమాస్తా తొందరపెట్టేసరికి, పర్మనెంటు కాని ఉద్యోగం ఎక్కడ పోతుందోనని భయపడ్డాను. ఎక్కడ పుట్టావని షెఫాలినే అడిగాను.

"ఖుల్నా, దిదీ" అంది, పాఠం అప్పజెప్పినంత ధీమాగా. సరిహద్దు అవతలి ఆ ఊరి పేరే రాసి పంపేశాను.

వారం తిరక్కుండా ఆమె పేరు కొట్టేసిన జాబితా వచ్చింది. మాస్టారు ఆఫీసుల చుట్టూ తిరిగారు. "మీ టీచరే రాసిచ్చింది కదా దాదా" అని ప్రతిచోటా అక్కడి గుమాస్తాలు నా చేతిరాతే చూపించారట. బడికి వచ్చిన చివరి రోజు షెఫాలి, "నేను తప్పు చెప్పానా దిదీ?" అని అడిగింది. నేను తల దించుకుని పుస్తకాలు సర్దుకున్నాను. తర్వాత తల్లీకూతుళ్లు ఇల్లు ఖాళీ చేశారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు.

క్షమించమంటే మాస్టారు కోప్పడలేదు. "మా నాన్న ఏటి కాయితం తెచ్చాడమ్మా ఇక్కడికి? నన్ను బళ్లో ఏసుకున్న బెంగాలీ మాస్టారు, నీకేటి వచ్చురా అని అడిగాడు. అంతే" అన్నారు.

అక్కడే ముప్ఫై ఏళ్లు పనిచేశాను. చేరడానికి వచ్చిన ప్రతి పిల్లనీ ముందు "నీకేం వచ్చు?" అనే అడిగాను. కాగితాలు కొందరికి తెప్పించగలిగాను, కొందరికి లేదు. ఇప్పటికీ పరీక్షలకు వెళ్లే అమ్మాయిలు ఎదురైతే ఒక్కొక్కరి ముఖంలో షెఫాలిని వెతుకుతాను. ఆమెకు యాభై దగ్గరపడి ఉంటాయని ఆ తర్వాతే తోస్తుంది.