మేకపిల్ల కళ్ళు

మాన్వి నుంచి వస్తున్న బస్సులో నా పక్కన కూర్చున్న ఆ కూలిమనిషి పేరు నేను అడగలేదు. నాకప్పుడు పదేళ్ళు. ఒళ్ళో బొమ్మల పుస్తకం ఉంది. అందులో ఒక కుంటి మేకపిల్ల, పేజీపేజీకీ దాని చుట్టూ గంతులేసే స్నేహితులు. చదువుకోమని ఆ పుస్తకం ఇచ్చిన నా తరగతి పిల్ల రమే, మా వలస రైతుల క్యాంపు బడిలో అందరి ముందూ నాలా కుంటుతూ నడిచి నవ్వించింది. అందుకే ఆ స్నేహితుల కళ్ళన్నీ గోటితో గీకేస్తున్నాను.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె ముళ్ళు తీసుకునే పిన్నీసును గాజు నుంచి విప్పి నా చేతిలో పెట్టింది.

"గోరుతోని ఏమైతది? దీంతోని పొడువు."

ఒక్కొక్కటే పొడిచాను. మేకపిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆమె దాని మీద అరచెయ్యి పెట్టేసింది.

"దీన్ని ఇడ్సిపెట్టు. ఇది నీకేం జేసింది?"

"కుంటిది కదా," అన్నాను.

"అయితే ఏంది?" అంది, చెయ్యి తియ్యకుండానే.

కల్లూరులో దిగిపోయింది. పిన్నీసు తిరిగి అడగలేదు.

సోమవారం పుస్తకం రమకు ఇచ్చేశాను. ఏ పేజీ తిప్పినా కళ్ళున్నది మేకపిల్ల ఒక్కదానికే, అది తిన్నగా రమనే చూస్తోంది. రమ ఏడ్చింది. నాకు ఇప్పటికీ జాలి కలగలేదు.

పిన్నీసు నా గాజుకే ఉంది.