మామగారి గేరాయిలు

మా మామగారంటే నాకు గిట్టదు. పెద్దవాళ్ల గురించి అలా అనకూడదంటారు. అనేవాళ్లు ఆయనతో కలిసి ఒక్క పూట భోంచేసి చూడాలి.

ఆయన ఒక పెద్ద ఆఫీసులో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఎవరు ఏం చెప్పబోయినా సగంలోనే "తెలుసులే" అంటారు. వీధిలో ఆయనకి ఆ పేరే స్థిరపడింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాళ్లను చూశాం. ఈయన, ఆ నాలుగో కాలు విరగ్గొట్టింది అల్లుడే అని కూడా అంటారు.

రిటైరయ్యాక తన సొంత కారును మా ఆవిడకిచ్చారు. "కూతురికి కారిచ్చిన తండ్రి ఈ వీధిలో ఇంకెవడున్నాడో చూపించు" అని అన్నం కలుపుకున్నప్పుడల్లా నన్నడిగేవారు. నేను టైలర్ని. నా కుట్టుమిషను ఇంటిని సగం దూరమే లాగుతుంది. మిగతా సగం మా ఆవిడ ఆ కారును టాక్సీగా తిప్పి లాగుతోంది. అది ఆగితే ఇల్లు ఆగినట్టే.

అది క్లచ్ లేని ఆటోమేటిక్ కారు. తిరిగి తిరిగి, మీటరులో అంకెలు చూస్తేనే ఆయాసం వచ్చేంత వయసైంది. ఈమధ్య ఆగిన చోటు నుంచి కదలాలంటే కాసేపు ఆలోచించుకుని గానీ గేరు పట్టుకోవడం లేదు. మా ఆవిడా నేనూ షెడ్డుకు బయల్దేరాం. పిలవకపోయినా మామగారు వచ్చి ముందుసీట్లో కూర్చున్నారు.

మెకానిక్ గేరుబాక్సులో ఆయిలు చూసే కడ్డీని బయటికి లాగి, తెల్లకాగితం మీద తుడిచి, మా ఆవిడ ముక్కు దగ్గర పెట్టాడు. కాటుకలా నల్లగా ఉంది. మాడు వాసన వస్తోంది.

"దీన్ని మార్చాలా వద్దా అన్నది ఒక్క మాట మీద ఉందక్కా," అన్నాడు. "ఇంతకుముందు మారుస్తూ వచ్చుంటే ఇప్పుడూ మార్చేద్దాం, బాగుపడుతుంది. ఎప్పుడూ మార్చకపోయుంటే మాత్రం ముట్టుకోవద్దు. లోపల గేరు పట్టించే ప్లేట్లు అరిగిపోయి ఈ మురికినే పట్టుకుని నడుస్తుంటాయి. కొత్తది పోస్తే జారిపోతాయి. ఇలాగే మెల్లగా తోలుకుంటే ఇంకొన్నాళ్లు వస్తుంది. ఈలోగా వేరే ఏదన్నా చూసుకోవచ్చు."

అందరం మామగారి వైపు చూశాం. ఆ కారు పుట్టుపూర్వోత్తరాలు తెలిసింది ఆయనొక్కరికే.

"మార్చకుండా ఎలా ఉంటాను? నా చేత్తో నేనే మార్చేవాణ్ణి," అన్నారు.

మెకానిక్ కారు కింద దూరి, లైటు వేసి, మమ్మల్ని వంగి చూడమన్నాడు. ఆయిలు దింపే బోల్టు మీద కంపెనీవాళ్లు వేసిన పెయింటు చెక్కు చెదరలేదు.

"పెద్దాయనా, దీనికి పానా తగిలిన గుర్తే లేదే?"

"నీకు తెలిసింది ఆ ఒక్క దారే. నేను పైనుంచి గొట్టం వేసి లాగేవాణ్ణి. ఎంతమంది ఆఫీసర్ల బళ్లు చూశాను, నాకు నేర్పుతావా?"

పక్కన టీ తాగుతున్న డ్రైవర్లు గ్లాసులతో సహా దగ్గరికొచ్చారు. మెకానిక్ మా ఆవిడ వైపు తిరిగి, "ఏం చెయ్యమంటావక్కా?" అన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను వద్దని చెప్పబోయాను.

"అల్లుడుగారు గుండీలు కుట్టుకుంటే చాలు," అన్నారు మామగారు.

డ్రైవర్లు నవ్వారు. ఆయన్ని ఆ కారు కిందకే తోసి జాకీ తీసేద్దామనిపించింది నాకు.

మా ఆవిడ తండ్రి ముఖంలోకి చాలాసేపు చూసింది. "నాన్న మార్చానన్నాడుగా. మార్చెయ్యండి," అంది.

కొత్త ఆయిలు ఎర్రగా, చూడముచ్చటగా ఉంది. వారం తిరక్కుండానే, మనుషుల్ని ఎక్కించుకుని ఎత్తు ఎక్కుతుండగా కారు ఆగిపోయింది. ఇంజను అరుస్తోంది, చక్రాలు కదలడం లేదు. కబురందుకుని నేనూ మామగారూ వెళ్లి, తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చాం. మెకానిక్ గేరుబాక్సు విప్పి చూసి చేతులు తుడుచుకున్నాడు.

"ప్లేట్లు మిగల్లేదక్కా. ఈ బండికి ఇంకో బాక్సు పెట్టడం కన్నా తుక్కుకి ఇచ్చేయడం నయం."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు మామగారు అతని మీద పడ్డారు. "పని రానివాడి చేతిలో పెడితే ఇంతే. నిక్షేపంలాంటి బండిని చంపేశాడు."

"ఆ బోల్టు నేనూ చూశాను నాన్నా," అంది మా ఆవిడ.

"చూస్తే?"

"నువ్వు అబద్ధం చెబుతున్నావని అప్పుడే అర్థమైంది."

"అర్థమైతే మార్చమని ఎందుకన్నావు?"

"అంతమంది ముందు నిన్ను అబద్ధాలకోరు అనలేక."

మా నోటికి కూడు పెట్టే బండిని ఆ ముసలాయన పరువు కోసం పణం పెట్టింది. నాకు ఒళ్లు మండింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. మామగారు చుట్టూ చూశారు. ఆరోజు నవ్విన డ్రైవర్లే మళ్లీ చుట్టూ చేరి ఉన్నారు. ఈసారి ఎవరూ నవ్వడం లేదు.

"మరి ఇప్పుడంటున్నావుగా, ఇంతమంది ముందే," అన్నారు గొంతు తగ్గించి.

"ఇప్పుడిక పోవడానికి ఏముంది?" అంది.

ఆయన నా వైపు తిరిగారు. ఆయన తరఫున ఒక్క మాటైనా అంటానని ఆశ కాబోలు. "అల్లుడుగారూ," అన్నారు, మొదటిసారి వెటకారం లేకుండా. నేను మా ఆవిడ చెయ్యి పట్టుకుని బస్టాపు వైపు నడిచాను.