టికెట్టమ్మ స్టేషను

పొలాల మధ్య రైలు ఆగడం మొదలైన ఏడాది ఆమె కుట్టుమిషను మీద గుడ్డ కప్పి టికెట్టమ్మ అయింది. రాళ్ళ క్వారీ కూలీల కోసం వెలసిన స్టేషను అది. మట్టి ప్లాట్‌ఫారం, ఒక సిమెంటు బెంచీ, ఒంటిగది. టికెట్లమ్మే పని కాంట్రాక్టుకిస్తామంటే, భర్త పోయాక అత్తగారితో కలిసి ఇల్లు నెట్టుకొస్తున్న ఆమె మారుమాట లేకుండా ఒప్పుకుంది.

పొద్దున ఒక రైలు, సాయంత్రం ఒక రైలు. మధ్యలో ఎండకు పట్టాలు నీటిపాయల్లా మెరిసేవి. ఆమె కిటికీ వెనక కూర్చుని జాకెట్లకు కాజాలు కుట్టుకునేది. రైలు వేళకు అత్తగారు వచ్చి బెంచీ ఎక్కేది. దిగినవాళ్ళనల్లా "ఏ ఊరు బాబూ మీది?" అని ఆరా తీసేది. ఆ ఊళ్ళ పేర్లు రాత్రి పడుకుని కూనిరాగంలా గొణుక్కునేది. తను మాత్రం ఏనాడూ రైలెక్కలేదు.

"ఒకసారి వెళ్ళొద్దామా అత్తమ్మా?"

"ఎందుకే? ఊళ్ళన్నీ ఇక్కడికే వస్తున్నాయిగా!"

కొన్నేళ్ళకు క్వారీ మూతపడింది. ఎక్కేవాళ్ళు పలచబడ్డారు. గార్డు ఖాళీ ప్లాట్‌ఫారం మీదికి దిగి, ఆమెకేసి చెయ్యూపి, మళ్ళీ ఎక్కేవాడు. ఒకరోజు అతనే చల్లగా చెప్పాడు. "నెలాఖరు నుంచి ఇక్కడ ఆగదటమ్మా."

ఆఖరి సాయంత్రం అత్తగారు ఉతికిన చీర కట్టుకుని కిటికీ ముందు నిలబడింది.

"రెండు టికెట్లు కొట్టు. పక్క స్టేషనుకి."

"తిరిగి రావడానికి రైలుండదు అత్తమ్మా."

"కాళ్ళున్నాయిగా, నీకు!"

నవ్వాపుకోలేక, ఆమె గదికి తాళం వేసి తనూ ఎక్కింది. రైలు కదిలింది. పొలాలు తేలిపోతున్నట్టున్నాయి. సంధ్యవెలుగు ముసలామె ముఖం మీద వచ్చిపోతోంది.

"అదుగో మనిల్లు! మరీ ఇంత చిన్నదా?" అంది ముసలామె. దిగేదాకా కోడలి చెయ్యి వదల్లేదు.

దిగినచోట వీధి నిండా దీపాలు, మనుషులు. స్టేషను ఎదురుగా అద్దెకిస్తామని బోర్డు పెట్టిన గది ఒకటి ఆమె కంటబడింది. పాలవ్యానులో ఇంటికొస్తున్నంతసేపూ, అత్తగారు భుజం మీద కునుకు తీస్తుంటే, ఆమె ఆలోచన ఆ గది చుట్టూనే తిరిగింది.

నెల తిరక్కుండా కుట్టుమిషనుతో సహా ఇద్దరూ ఆ గదికి మారారు. మొదటిరోజు ఆమె సామాన్లు సర్దుతూ "అత్తమ్మా, కాస్త ఇటు రండి!" అని ఎంత పిలిచినా పలుకు లేదు. గుమ్మంలోంచి తొంగిచూస్తే, అత్తగారు పక్కింటావిడ అరుగెక్కి కబుర్లలో పడిపోయి ఉంది.